లెక్క రాకపోతే పుస్తకం మారుస్తావా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకి ఇంటి నుంచి వచ్చే ఫోన్లు రెండు రకాలు. ఒకటి ‘తిన్నావా?’. రెండోది ‘ఈ కంప్యూటర్‌కి ఏదో అయింది, చూడు’. మొదటిదానికి చిన్న అబద్ధం చెప్పి బయటపడొచ్చు. రెండోదానికి ఆ సౌకర్యం లేదు.

జనవరి మొదటి వారంలో ఒక రాత్రి తొమ్మిదింటికి నాన్న చేసింది రెండో రకం ఫోన్.

‘‘వీడియో అతుక్కుపోతోందిరా. నా గొంతు ముందుకెళ్లిపోతోంది, గీత వెనకే ఉండిపోతోంది’’ అన్నాడు.

మా ఊరు మధిర దగ్గర. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోలేక, పొద్దున్నే ఆరింటికి మా వరండాలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతుంటాడు. డబ్బులు తీసుకోడు. జనవరి వచ్చేసరికి ఆ వరండాలో కొన్ని చాపలు ఖాళీ అయిపోతాయి. మా వైపు మిరప కోతలు మొదలయ్యే కాలం అది. తెల్లారకముందే కూలీల ఆటోలు వచ్చేస్తాయి. తల్లుల వెంట కొందరు పిల్లలూ వెళ్తారు. నాన్న ఇళ్లకి వెళ్లి మాట్లాడితే ఇద్దరు వెనక్కి వచ్చారు. నలుగురు రాలేకపోయారు. మార్చిలో పరీక్షలు. ‘‘వాళ్లు రాలేకపోతే పాఠమే వాళ్ల దగ్గరికి పోవాలి’’ అనుకున్నాడు నాన్న. రాత్రి అమ్మ ఫోన్లో చూసుకునేలా ఒక్కో పాఠం రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాడు.

పరికరాలన్నీ పాతవే. 2014లో నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న అసెంబుల్డ్ డెస్క్‌టాప్. ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10. నేను కొనిచ్చిన చిన్న పెన్ టాబ్లెట్ ఒక్కటే కొత్తది. దాంతో పెయింట్‌లో గీస్తూ, రాస్తూ, మాట్లాడుతూ ఉంటే స్క్రీన్‌నీ గొంతునీ కలిపి రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో పెట్టాం. ఉచితం. వాటర్‌మార్కులు ఉండవు, పది నిమిషాలకి ఆగిపోయి డబ్బులు కట్టమనదు.

ఇంతకీ సమస్య ఏంటి? ఆ రాత్రి నాకు ఏమీ తెలీలేదు. తెలిసినట్టు మాట్లాడాను. ‘‘రీస్టార్ట్ చేశావా?’’ అన్నాను. ఈ వారం కాలమ్‌లో ముందుగా ఒప్పుకోవాల్సిన తప్పు అదే.

మొదటి దొంగ దొరికాడు

మర్నాడు వీడియో కాల్ పెట్టుకున్నాం. ఫోన్‌ని మానిటర్ వైపు తిప్పమంటే కాసేపు సీలింగ్ ఫ్యాన్, కాసేపు అమ్మ, చివరికి మానిటర్ కనిపించాయి. ఓబీఎస్ కింది గీతలో ‘ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడెడ్’ అన్న మాట కనిపించింది.

ఆ మాటకి అర్థం తెలియాలంటే స్క్రీన్ రికార్డింగ్ ఎలా జరుగుతుందో కొంచెం తెలియాలి. తరగతిలో మాస్టారు బోర్డు మీద రాస్తుంటే మనం నోట్సులోకి ఎక్కించుకుంటాం చూడండి, అలాంటిదే. సాఫ్ట్‌వేర్ సెకనుకి ఇన్నిసార్లని స్క్రీన్ బొమ్మ తీసుకుంటుంది. ఒక్కో బొమ్మలో ముందుదానికీ దీనికీ ఏం మారిందో చూసి, కుదించి, ఫైల్లో రాస్తుంది. ఆ కుదించే పనే ఎన్‌కోడింగ్. మాస్టారు బోర్డు తుడిపేలోపు మనం ఎక్కించుకోలేకపోతే కొన్ని లైన్లు వదిలేస్తాం కదా. కంప్యూటర్ కూడా అంతే. అందుకోలేకపోతే కొన్ని బొమ్మలు వదిలేస్తుంది. గొంతు రికార్డు చేయడం చాలా తేలిక పని కాబట్టి అది సాఫీగా సాగిపోతుంది. బొమ్మ మాత్రం అతుక్కుంటుంది. నాన్న చెప్పిన ‘గొంతు ముందు, గీత వెనక’ ఇదే.

సెట్టింగుల్లో వీడియో పేజీ తెరిపించాను. అవుట్‌పుట్ 1920×1080, సెకనుకి 60 ఫ్రేములు. ‘‘ఇది ఎవరు పెట్టారు నాన్నా?’’ అంటే పక్కింటి కుర్రాడట. గేములు రికార్డు చేసుకునే పిల్లాడు, హెచ్‌డీలో బాగుంటుందని ప్రేమగా పెట్టి వెళ్లాడు. వాడి తప్పేం లేదు. వాడి కంప్యూటర్‌కి అది సరైన సెట్టింగే.

కానీ మా మానిటర్‌లో ఉన్నవే 1366×768 చుక్కలు. అంటే ఓబీఎస్ పాపం ఉన్న చిన్న బొమ్మని లాగి పెద్దది చేసి, దాన్ని సెకనుకి 60 సార్లు కుదిస్తోంది. లాగినంత మాత్రాన లేని వివరం రాదు. పని మాత్రం పెరుగుతుంది. పైగా నాన్న గీసేది త్రిభుజాలు, క్రికెట్ మ్యాచ్ కాదు. సెకనుకి 15 ఫ్రేములు ధారాళంగా సరిపోతాయి.

ఇక్కడ నాన్నకి ఉత్సాహం వచ్చింది. లెక్క చెప్పమన్నాడు. 1920 ఇంటూ 1080 ఇంటూ 60, సెకనుకి 12 కోట్ల 44 లక్షల చుక్కలు. దాన్ని 1280×720కి, 15 ఫ్రేములకి దించితే 1 కోటీ 38 లక్షలు. ‘‘సరిగ్గా తొమ్మిదో వంతు!’’ అన్నాడు కాగితం మీద చేసి చూసి. మీరూ చేసి చూడండి, శేషం కూడా మిగలదు.

సెట్టింగు మార్చాం. వీడియో సాఫీగా వచ్చింది. నేను విజయగర్వంతో ఫోన్ పెట్టేశాను. సరిగ్గా పదకొండు నిమిషాలకి మళ్లీ మోగింది. ‘‘మళ్లీ అతుక్కుంది రా.’’

కరెంటు పోతే పాఠం పోయింది

ఆ వారంలోనే ఇంకో దెబ్బ తగిలింది. సరూప త్రిభుజాల పాఠం, నలభై నిమిషాలు, ఆగుతూ అతుక్కుంటూనే రికార్డు చేశాడు. ఇంకాసేపట్లో ముగుస్తుందనగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చనిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే ఫైల్ ఉంది, సైజు ఉంది, కానీ తెరుచుకోదు. వీఎల్‌సీలో కూడా రాలేదు.

కారణం ఫైల్ రకం. మామూలు ఎంపీ4 ఫైల్లో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. రికార్డింగ్ ఆపినప్పుడు చిట్టచివర ఆ పట్టిక రాస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ పట్టిక రాసే అవకాశమే ఉండదు. పుస్తకం అంతా ఉంది కానీ పేజీలు కుట్టకుండా గాలికి వదిలేసినట్టు. ఎంకేవీ రకం అలా కాదు, ఎప్పటికప్పుడు కుట్టుకుంటూ పోతుంది. కరెంటు పోయినా అప్పటిదాకా ఉన్నది చూడొచ్చు.

కాబట్టి ఓబీఎస్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి. అయిపోయాక ఫైల్ మెనూలో ‘రీమక్స్ రికార్డింగ్స్’ అని ఉంటుంది. దాంతో ఎంపీ4గా మార్చుకోవచ్చు. మళ్లీ కుదించదు, పెట్టె మారుస్తుంది అంతే. పాత కంప్యూటర్‌లో కూడా ఎక్కువసేపు పట్టదు, నాణ్యత తగ్గదు.

ఈ మాట నేను మొదటి రోజే చెప్పి ఉండాల్సింది. నాకు తెలుసు కూడా. అడగలేదు కాబట్టి చెప్పలేదు. నలభై నిమిషాల పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పడం అరవై ఏళ్ల గొంతుకి ఎంత కష్టమో నేను లెక్కేయలేదు.

ఆ అపరాధ భావంతోనే అనుకుంటా, అన్నాను: ‘‘వదిలేయ్ నాన్నా, సంక్రాంతికి వచ్చేటప్పుడు కొత్త ల్యాప్‌టాప్ తెస్తాను.’’

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు: ‘‘లెక్క రాకపోతే పుస్తకం మారుస్తావా?’’

నోట్‌బుక్కులో నాలుగు గడులు

సంక్రాంతికి ల్యాప్‌టాప్ లేకుండానే వెళ్లాను. భోగి పొద్దున అమ్మ ఆ డెస్క్‌టాప్ వైపు చూసి, ‘‘మంటలో వేసేద్దామా దీన్ని, తండ్రీ కొడుకులిద్దరికీ పీడ వదులుతుంది’’ అంది.

ప్రయాణంలో నా అనుమానాలు నేను సిద్ధం చేసుకున్నాను. మొదటిది హార్డ్ డిస్క్. పాతది, నెమ్మది, రాయలేకపోతోందేమో. అంతకుముందే ఫోన్లో నాన్న చేత పాత ఫైళ్లన్నీ డిలీట్ చేయించాను, మా కాలేజీ ఫొటోలతో సహా. కానీ నిజానికి కూర్చుని లెక్కేస్తే ఆ అనుమానం నిలబడదు. వీడియో బిట్‌రేట్ 2500 కేబీపీఎస్. అంటే సెకనుకి 2500 కిలోబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సుమారు 312 కిలోబైట్లు. సెకనుకి ఒక ఎంబీలో మూడో వంతు కూడా లేదు. ఎంత పాత డిస్కయినా దీన్ని నిద్రలో రాస్తుంది.

రెండోది ర్యామ్. 4 జీబీ తక్కువే, నిజం. బ్రౌజర్లో నాలుగు పేజీలు తెరిస్తే నిండిపోతుంది. కానీ నాన్న రికార్డింగ్ సమయంలో బ్రౌజర్ తెరవడు.

నేను ఇలా ఆలోచిస్తుంటే నాన్న ఒక నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టాడు. అందులో స్కేలుతో గీసిన పట్టిక. నాలుగు గడులు. తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎన్నో నిమిషంలో అతుక్కుంది, ఇతర వివరాలు. పది రోజుల రికార్డింగులు వరసగా రాసి ఉన్నాయి.

పొద్దున అయిదున్నరకి మొదలుపెడితే పంతొమ్మిదో నిమిషం. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే తొమ్మిదో నిమిషం. రాత్రి ఎనిమిదింటికి పన్నెండు, ఒకరోజు పదమూడు. అతుక్కున్న వెంటనే ఆపి మళ్లీ మొదలుపెడితే మూడో నిమిషానికే. అరగంట ఆగి మొదలుపెడితే మళ్లీ పదకొండు. చివరి గడిలో ఎర్ర సిరాతో రాశాడు: ‘విరామం ఇస్తే బాగుంటోంది. అలిసిపోతోందా?’

నేను మా ఆఫీసులో రోజూ బగ్ రిపోర్టులు చదువుతాను. ‘యాప్ పనిచేయట్లేదు, అర్జెంటు’ అని ఒక్క లైను రాసేవాళ్లే ఎక్కువ. ‘వివరాలు సరిపోవు’ అని రాసి వెనక్కి పంపేస్తాను. ఇంత చక్కటి రిపోర్టు నాకు ఉద్యోగంలో ఒక్కసారి కూడా రాలేదు. పది రోజులుగా ఇది మా ఇంట్లోనే ఉంది. నేను అడగలేదు, అంతే.

ఆ పట్టిక చూశాక ఇక అనుమానం లేదు. సెట్టింగు తప్పయితే మొదటి నిమిషంలోనే అతుక్కోవాలి. ర్యామ్ చాలకపోతే ఇంకో ప్రోగ్రామ్ తెరిచినప్పుడు అతుక్కోవాలి. డిస్క్ పాడయితే ఎప్పుడు పడితే అప్పుడు అతుక్కోవాలి. చల్లటి పూట ఎక్కువసేపు, వేడి పూట తక్కువసేపు, వెంటనే మళ్లీ మొదలుపెడితే ఇంకా తక్కువసేపు నడుస్తోందంటే అది వేడి.

పెట్టె విప్పాం

కోర్ టెంప్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసి రికార్డింగ్ పెట్టాం. మొదట్లో 58 డిగ్రీలు. అయిదో నిమిషానికి 84. పదో నిమిషానికి 98. ఆ తర్వాత వేడి పెరగలేదు కానీ ప్రాసెసర్ వేగం చూపించే అంకె సగానికి పడిపోయింది. సరిగ్గా అప్పుడే బొమ్మ అతుక్కుంది. ప్రాసెసర్ కాలిపోకుండా తనని తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుంది. అది లోపం కాదు, జాగ్రత్త.

కనుమ రోజు కరెంటు తీగ పీకేసి క్యాబినెట్ పక్క తలుపు విప్పాం. లోపల పన్నెండేళ్ల దుమ్ము. రెండు బల్లి గుడ్డు పెంకులు. ప్రాసెసర్ మీద ఫ్యానూ, దాని కింద అల్యూమినియం రెక్కల హీట్ సింకూ ఉంటాయి. రెక్కల మధ్య దుమ్ము దిండులో దూదిలా కూరుకుపోయింది. గాలి ఫ్యాన్ దాకా వస్తోంది, రెక్కల్లోకి పోవట్లేదు.

పాత పెయింటు బ్రష్‌తో మెల్లగా దులిపాం. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని మరీ దులపాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. తడి గుడ్డ వాడొద్దు. దులుపుతుంటే అసలు సంగతి బయటపడింది. ఇంటెల్ కూలర్‌ని మదర్‌బోర్డుకి పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులు. అందులో ఒకటి పైకి లేచి ఉంది. ఇంటికి సున్నాలు వేయించినప్పుడు కంప్యూటర్‌ని ఆ గదిలోంచి ఈ గదిలోకి మార్చారట, అప్పుడు ఊడి ఉంటుంది. హీట్ సింక్ ఒక మూల ప్రాసెసర్‌ని సరిగ్గా తాకట్లేదు.

కూలర్ తీస్తే మధ్యలో ఉండాల్సిన థర్మల్ పేస్ట్ ఎండిన సున్నంలా పెళుసుగా ఉంది. పండగకి షాపులు మూసేశారు కాబట్టి మర్నాటి దాకా ఆగి, ఒక చిన్న ట్యూబు తెచ్చుకున్నాం. దాని ఖరీదు మధిరలో ఇద్దరు టిఫిన్ చేసి టీ తాగినంత. పాతది పొడి గుడ్డతో తుడిచేసి, కందిగింజంత పేస్ట్ మధ్యలో పెట్టి, నాలుగు పిన్నులూ ‘టక్’మని చప్పుడు వచ్చేదాకా ఎదురెదురు మూలల వరసలో నొక్కాం. పేస్ట్ ఎక్కువ పూస్తే మంచిదనుకోవద్దు. అది సందుల్ని నింపడానికే.

మళ్లీ పెట్టి చూశాం. అరగంట రికార్డింగ్ తర్వాత 67 డిగ్రీలు. నాన్న నోట్‌బుక్కులో ‘అతుక్కోలేదు’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. లెక్క పూర్తయితే ఆయన అలాగే గీస్తాడు.

మిగిలిన చిన్న చిన్న ముళ్లు

పెద్దది పోయాక చిన్నవి కనిపిస్తాయి. అవి కూడా చెప్పుకుందాం, మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

ఎన్‌కోడర్: ఓబీఎస్‌లో ఎక్స్264 అని ఉంటే కుదించే పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో కుదించడానికే ‘క్విక్ సింక్’ అని విడిగా ఒక భాగం ఉంటుంది. 2011లో వచ్చిన రెండో తరం నుంచే ఉంది. అవుట్‌పుట్ పేజీలో ‘క్యూఎస్‌వీ’ అన్న పేరుతో కనిపిస్తే అది ఎంచుకుని చూడండి. మా దాంట్లో పనిచేసింది, ప్రాసెసర్ భారం బాగా తగ్గింది. కనిపించకపోయినా, తప్పు చూపించినా ఎక్స్264లోనే ప్రీసెట్‌ని ‘అల్ట్రాఫాస్ట్’కి మార్చుకోండి. అలాగే డివైస్ మేనేజర్లో డిస్‌ప్లే దగ్గర ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే మీ గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదన్నమాట. ముందు అది వేయించుకోండి. విండోస్ మళ్లీ వేసినప్పుడు ఇది తరచూ మర్చిపోతారు.

నల్ల తెర: బ్రౌజర్ని రికార్డు చేస్తే నల్లగా వస్తోందా? బ్రౌజర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి చూడండి. లేదా విండో క్యాప్చర్‌కి బదులు డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టండి.

గొంతు: పాఠం సాగేకొద్దీ గొంతుకీ బొమ్మకీ తేడా పెరుగుతూ పోతే విండోస్‌లో మైకు శాంప్లింగ్ ఎంత ఉందో చూడండి. మా మైకు 44,100 దగ్గర, ఓబీఎస్ 48,000 దగ్గర ఉన్నాయి. రెండూ 48,000 చేశాం. ఫ్యాన్ రొద తగ్గించడానికి మైకుకి నాయిస్ సప్రెషన్ ఫిల్టర్ పెట్టొచ్చు. అందులో రెండు రకాలుంటాయి. ‘ఆర్ఎన్ నాయిస్’ బాగా వినిపిస్తుంది కానీ ప్రాసెసర్‌ని తింటుంది. ‘స్పీక్స్’ అంత బాగుండదు కానీ తేలిక. పాత కంప్యూటర్‌కి రెండోదే నయం. అన్నిటికన్నా నయం, రికార్డింగ్ అయ్యేదాకా సీలింగ్ ఫ్యాన్ ఆపేయడం. ఇది అమ్మ సలహా.

పంపడం: వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఇంకోసారి కుదించి పంపుతుంది. మొదటి పాఠాలు అలాగే వెళ్లాయి. ‘‘అక్షరాలు అలికేసినట్టున్నాయి సార్’’ అని ఒకమ్మాయి చెప్పింది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. 2 జీబీ దాకా పంపొచ్చు. కానీ అవతల ఉన్నది అమ్మ ఫోన్, దాని డేటా అమ్మ కూలి డబ్బు. అందుకే వీడియో బిట్‌రేట్ 800కి, ఆడియో 96కి దించాం. తెల్ల కాగితం మీద నల్ల గీతలకి అది చాలు. పన్నెండు నిమిషాల పాఠం సుమారు 81 ఎంబీ.

విండోస్: మీది ఇంకా విండోస్ 7 అయితే ఓబీఎస్ కొత్త వెర్షన్లు పనిచేయవు. 27.2.4 చివరిది. విండోస్ 10కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్నవాళ్లకి భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా వస్తాయి. మా నాలుగో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఆ కంప్యూటర్ పాఠాలకే. బ్యాంకు పనులు అందులో చేయకూడదు. ఎవరో తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టకూడదు.

గోడకి అంటించుకోవాల్సినవి

నాన్న ఇవి పెద్ద అక్షరాలతో రాసి మానిటర్ పక్కన అంటించాడు. కొన్ని ఆయనవి, కొన్ని నావి.

గంట పాఠం చెప్పేముందు ఒక్క నిమిషం రికార్డు చేసి, పూర్తిగా విని చూడాలి.

ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఏం మార్చామో, ఏం జరిగిందో, ఎన్నింటికో రాసుకోవాలి.

ఎంకేవీలో రికార్డు చేయాలి, తర్వాతే ఎంపీ4.

ఏడాదికోసారి దుమ్ము దులపాలి. భోగికి ముందు అయితే గుర్తుంటుంది.

ఆఖరిది నేను రాయమన్నా ఆయన రాయలేదు. ‘పాత యంత్రం చెడిపోయిందనేముందు దాన్ని ఏం అడుగుతున్నామో చూసుకోవాలి’ అని. ‘‘అది అందరికీ తెలిసిందేగా’’ అన్నాడు. నాకు మాత్రం ఈ జనవరిలోనే తెలిసింది. కొత్తది కొనడం తప్పని నేననను. కొన్నిసార్లు నిజంగానే కొనాలి. కానీ ఈసారి నలభై వేలు పెట్టి కొత్తది తెచ్చినా, కరెంటు పోతే ఎంపీ4 అలాగే పోయేది, వాట్సాప్ అక్షరాల్ని అలాగే అలికేసేది. అప్పుడు తిట్టుకోవడానికి పాత కంప్యూటర్ కూడా ఉండేది కాదు.

పండగయ్యాక హైదరాబాద్ వచ్చేశాను. నాన్న సరూప త్రిభుజాల పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పగలిగే కంప్యూటర్ ఇప్పుడున్నా పన్నెండేసి నిమిషాల ముక్కలుగానే చెబుతున్నాడు. యంత్రం అలిసిపోతోందని మొదలైన అలవాటు. రోజంతా ఎండలో వంగి మిరపకాయలు కోసి వచ్చిన పిల్లలు కూడా అంతకన్నా ఎక్కువసేపు కళ్లు తెరిచి ఉండలేరని తర్వాత తెలిసింది.

పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మోగింది. గుండె గుభేలుమంది. మళ్లీ ఏం అతుక్కుందో అనుకున్నాను.

‘‘ఏం లేదురా, ఒక వాయిస్ మెసేజ్ పంపాను, విను’’ అన్నాడు.

విన్నాను. అక్షరాలు అలికేసినట్టున్నాయన్న ఆ అమ్మాయే. వెనకాల కుక్కర్ కూత వినిపిస్తోంది. ‘‘సార్, ఏడో నిమిషంలో కుడివైపు భిన్నంలో కింద ఏసీ అని రాశారు సార్. ఈసీ కదా సార్ అక్కడ?’’

‘‘నిజమే నాన్నా?’’ అన్నాను.

‘‘నిజమే. ఏడీ బై డీబీ ఈక్వల్స్ ఏఈ బై ఈసీ. నేనే తప్పు రాశాను’’ అన్నాడు. నలభై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న సూత్రంలో తప్పు దొరికితే అంత సంతోషపడిన మాస్టారుని నేను చూడలేదు. ఏకీ ఈకీ తేడా కనిపించిందంటే వీడియో సరిగ్గా వెళ్లింది. ఆ తేడా పట్టుకుందంటే పాఠం సరిగ్గా వెళ్లింది.

‘‘ఉంటానురా. ఫ్యాన్ ఆపమని మీ అమ్మకి చెప్పాలి, ఆ ముక్క మళ్లీ రికార్డు చేయాలి’’ అని పెట్టేశాడు. తిన్నావా అని కూడా అడగలేదు.